నీలం రంగు మూత

రేవు వెనక ఇల్లు,
ఫిబ్రవరి 4.

తమ్ముడికి,

ఈ ఉత్తరం చూసి అక్క మనసు మెత్తబడిందని మురిసిపోకు. మెత్తబడలేదు. పదకొండేళ్ళుగా నీకు ఒక్క ముక్క రాయనిదాన్ని ఇవాళ కలం పట్టుకున్నానంటే, పీకల మీదికి వచ్చింది కనక. ఇందులో ఇంజను సంగతి తప్ప ఇంకేమీ వెతకకు.

వంతెన స్తంభాలు బీటలిచ్చాయని రాకపోకలు ఆపేశారు. బాగుచెయ్యడానికి రెండేళ్ళు పడుతుందట. ఆస్పత్రి అవతలి గట్టున, జనం ఇవతలి గట్టున. అందుకని రేవు ఆఫీసువాళ్ళు పడవలకు అనుమతి ఇస్తామని నోటీసు అంటించారు. ఏప్రిల్ పదో తేదీన పరీక్ష. గంటన్నర సేపు ఆగకుండా నదిలో నడిపి చూపించాలి. నువ్వు చంకనేసుకుని తిరిగిన గువ్వకు ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పడవ నడిపే లైసెన్సు తెచ్చుకుని కూర్చుంది. నడిపితే వాళ్ళ నాన్న పడవే నడుపుతుందట, ఇంకోటి ముట్టుకోదట. వద్దని చెప్పి చూశాను. నా నోరు నొప్పి పుట్టిందే తప్ప దాని పట్టు సడలలేదు.

పడవ షెడ్డులోనే ఉంది. మీ బావ పోయిన రోజు లాక్కొచ్చి పెట్టినచోటే ఉంది. ఇన్నేళ్ళలో నేను ఆ తలుపు తియ్యలేదు. మొన్న తీశాం. చెక్క బాగానే ఉంది. ఇంజను హ్యాండిల్ మాత్రం తల్లీకూతుళ్ళం ఇద్దరం కలిసి వేలాడినా కదల్లేదు. ఇక్కడి మెకానిక్‌ను పిలిస్తే వచ్చాడు, చూశాడు, నవ్వాడు. "అమ్మా, ఇది ఇంజను కాదు, ఇనుము" అనేసి చక్కా పోయాడు. ఆ ఇంజను గుట్టు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు లేరు. రెండోవాడివి నువ్వు.

విచారణలో నువ్వే లేచి నిలబడి, ముందురోజు ఇంజను బాగుచేసింది నేనే, డీజిల్ గొట్టంలో గాలి సరిగా తియ్యలేదు, తప్పు నాదే అని ఒప్పుకున్నావు. నేనేమీ మర్చిపోలేదు. కాబట్టి నువ్వు రానక్కర్లేదు. ఏం చెయ్యాలో రాయి చాలు. చేతులు మావి.

అక్క.


పిండి మిల్లు, ఇంజను గది,
ఫిబ్రవరి 9.

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఉత్తరం అందింది. కవరు మీద చేతిరాత చూసి చాలాసేపు విప్పలేదు.

నా మాట వినేటట్టయితే ఆ ఇంజను వద్దు. పడవ ఉంచుకుని కొత్త ఇంజను పెట్టించండి. వినరని తెలుసు కనక మిగతాది రాస్తున్నాను.

హ్యాండిల్‌తో కుస్తీ పట్టకండి. బలం పెడితే లోపల రింగులు విరుగుతాయి. ఇంజను తల మీద ఉన్న ఇంజెక్టర్ విప్పండి. ఆ రంధ్రంలోంచి డీజిల్, ఇంజనాయిలు సగం సగం కలిపి ఒక చిన్న గ్లాసుడు పొయ్యండి. వారం పది రోజులు నాననివ్వండి. రోజూ ఉదయం ఒక్కసారి హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ బతిమాలినట్టు కదపండి. కదలకపోతే కోపం తెచ్చుకోకుండా ఇంట్లోకి వెళ్ళిపోండి. కదిలిన రోజున, పోసిన నూనె అంతా బయటికి చిమ్మేదాకా తిప్పి, అప్పుడు ఇంజెక్టర్ బిగించండి. తొందరపడి ముందే బిగిస్తే లోపల కడ్డీ వంగుతుంది, ఇక ఆ మెకానిక్ చెప్పిందే నిజమవుతుంది.

పాత డీజిల్ ఒక్క చుక్క కూడా వాడొద్దు. ఇంకో మాట. ఆ పాత ట్యాంకు తీసి పారేసి కొత్తది పెట్టండి. ఇన్నేళ్ళు మూలనపడి ఉంది, లోపలంతా తుప్పు పట్టి ఉంటుంది. ట్యాంకు, మూత రెండూ మార్చండి. ఇది మాత్రం తప్పకుండా చెయ్యండి.

గువ్వను అడిగానని చెప్పండి. చెప్పకపోయినా ఫరవాలేదు.

మీ తమ్ముడు.


రేవు వెనక ఇల్లు,
ఫిబ్రవరి 24.

తమ్ముడికి,

అక్కగారూ, మీరూ, గౌరవనీయులూ! ఎప్పుడు నేర్చుకున్నావు ఈ మర్యాదలన్నీ? చిన్నప్పుడు నా జడను మంచం కోడుకు కట్టేసి పారిపోయినవాడివి. నాకు కోపం ఉందన్నాను గాని, నేను కలెక్టరునన్నానా? మామూలుగా రాయి.

పన్నెండో రోజున హ్యాండిల్ కదిలింది. బొటనవేలంత. గువ్వ షెడ్డులోనే గంతులేసి తల దూలానికి కొట్టుకుంది. మర్నాటికి పూర్తిగా తిరిగింది. నల్లటి నూనె గోడ దాకా చిమ్మింది, నా చీర మీదా చిమ్మింది.

పాత డీజిల్ తీసేశాం. జిగురులాగా సాగింది. కంపు సంగతి చెప్పక్కర్లేదు. ట్యాంకు మాత్రం మార్చను. మీ బావ రాగి రేకు తెచ్చి సొంతంగా అతికి చేసుకున్న ట్యాంకది. రాగికి తుప్పు పడుతుందని ఏ బళ్ళో చదువుకున్నావు? మెకానిక్‌వి, ఆ మాత్రం తెలియదా? లోపల కడిగితే కొత్త గిన్నెలాగా మెరిసింది. పైన నేను వేసిన నీలం రంగు కూడా ఒక్క పెచ్చు ఊడలేదు. నీకు గుర్తుందో లేదో, ఏటా పడవకు ఎవరు రంగు వేసినా ట్యాంకుకు మాత్రం నేనే వేసేదాన్ని. దాని మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేదాన్ని కాదు.

ఇక గాలి తియ్యడం ఎలాగో విడమరిచి రాయి. ఆ పని నేనే దగ్గర కూర్చుని చేస్తాను. ఎవరూ మర్చిపోకుండా.

అక్క.


పిండి మిల్లు, ఇంజను గది,
మార్చి 1.

అక్కా,

సరే, మామూలుగానే రాస్తున్నాను.

రాగి ట్యాంకని మర్చిపోయాను. వయసు మీద పడుతోంది.

గాలి తియ్యడం ఇలాగ. కొత్త ఫిల్టర్ వెయ్యండి. దాని నెత్తిన ఒక చిన్న మర ఉంటుంది, దాన్ని రెండు చుట్లు వదులు చెయ్యండి. పక్కనున్న చేతి పంపు మీటను నొక్కుతూ ఉంటే ఆ మర దగ్గర్నుంచి డీజిల్ నురగతో వస్తుంది. నురగ ఆగి, డీజిల్ తేటగా వచ్చేదాకా నొక్కాలి. మీట నొక్కుతుండగానే మర బిగించాలి. తరవాత ఇంజెక్టర్ దగ్గరా అంతే. నీళ్ళ పంపు విప్పి లోపల రబ్బరు రెక్కలు చూడండి. గట్టిపడి విరిగిపోతుంటే కొత్తవి వెయ్యండి. లేకపోతే ఇంజను కాగిపోతుంది.

ట్యాంకు మూత మాత్రం పూర్తిగా బిగించకండి. ఒకటిన్నర చుట్టు వదులుగానే ఉంచండి. చాలాకాలం తరవాత పోసిన డీజిల్ కదా, ఆవిరి పోవడానికి. ఇది చిన్న మాట అనుకోవద్దు అక్కా. పడవ కట్టేసి ఉన్నా సరే, నదిలో ఉన్నా సరే, మూత వదులుగానే ఉండాలి.

ఇంజను లేచాక రాయి. లేవకపోయినా రాయి.

తమ్ముడు.


రేవు వెనక ఇల్లు,
మార్చి 15.

తమ్ముడూ,

లేచిందిరా!

నీకు ముందుగా రాయాలని ఒళ్ళంతా డీజిల్‌తోనే కూర్చున్నాను. కాగితం మీద మరకలు చూసి ఏడ్చానని అనుకోకు. గాలి నేనే తీశాను. మీట మీద నా చెయ్యి, మర మీద గువ్వ చెయ్యి. నురగ ఆగాక కూడా ఇంకో ఇరవై సార్లు నొక్కాను, నా తృప్తి కోసం. పడవను నీళ్ళలోకి దింపి రేవు గుంజకు కట్టేశాం. గువ్వ హ్యాండిల్ తిప్పింది. మొదటిసారి దగ్గింది. రెండోసారి తెల్లటి పొగ ఊదింది. మూడోసారికి టకటకమని అందుకుంది. రేవులో ఉన్నవాళ్ళంతా చేస్తున్న పనులు వదిలేసి వచ్చారు. ఇనుమని వెక్కిరించిన మెకానిక్ కూడా వచ్చాడు. వాడికి చోటు దొరకకుండా ముందు నేను నిలబడ్డాను.

గంటసేపు నడిచింది. మూత నువ్వు చెప్పినట్టే వదులుగా ఉంచాం. ఆ శబ్దం వింటుంటే మీ బావ ఇప్పుడే దిగి వస్తారేమో, అన్నం వడ్డించాలేమో అనిపించింది. ఆపెయ్యమని గువ్వ మీద కేకలేసి ఇంట్లోకి వచ్చేశాను.

నీకు థాంక్స్ చెప్పను. కాని లేచిందని నీకు తెలియాలి.

అక్క.


పిండి మిల్లు, ఇంజను గది,
మార్చి 19.

అక్కా,

నీ ఉత్తరం ఇంజను గదిలో నిలబడే చదివాను. మిల్లు ఇంజను నడుస్తూనే ఉంది, నాకు మాత్రం బావ ఇంజనే వినిపించింది.

పరీక్ష రోజున కూడా మూత వదులుగానే ఉండాలి. ఎవరు ఏమన్నా సరే. గువ్వకు చెప్పు. నాకు మాట ఇమ్మని చెప్పు.

తమ్ముడు.


రేవు వెనక ఇల్లు,
మార్చి 30.

తమ్ముడూ,

అక్షరాలు అటూ ఇటూ పోతున్నాయి. చదువుకో.

ఇవాళ ఉదయం గువ్వ నాతో చెప్పకుండా పడవను నది మధ్యకు తీసుకెళ్ళింది. ఒక్కత్తే. పరీక్షకు ముందు ఒకసారి అలవాటు చేసుకుందామనుకుందట. రేవు ఆఫీసు నోటీసులో డీజిల్ మూతలు గట్టిగా బిగించి ఉండాలని ఉంది. అది చూసి పానా పెట్టి మూత బిగించేసింది. నీ మాట చెప్పి ఉన్నాను దానికి. మామయ్య ఆవిరి అన్నది కొత్త డీజిల్ గురించి కదా, ఇప్పుడు పాతదైపోయింది కదా అంది.

ఇరవై రెండు నిమిషాలు బాగానే నడిచింది. తరవాత ఇంజను మూలిగి, నెమ్మదించి, ఆగిపోయింది. నది మధ్యలో. నేను గట్టు మీద బట్టలు ఆరేస్తున్నాను. శబ్దం ఆగడం విన్నాను. తలెత్తి చూస్తే పడవ అడ్డం తిరిగి వంతెన స్తంభాల వైపు కొట్టుకుపోతోంది. వంతెన ఇంకా పూర్తికాని రోజుల్లో మీ బావ పడవ ఏ స్తంభానికి కొట్టుకుందో ఆ స్తంభం వైపే. ఆయన పడవలోని పదహారు మందిని కాపాడడానికి వెదురు గెడతో ఆ స్తంభాన్ని నెడుతూ నెడుతూ పడవకూ దానికీ మధ్య పడిపోయారు. నేను అప్పుడు చూడలేదు, చెబితే విన్నాను. ఇవాళ చూశాను.

గువ్వ లంగరు వేసింది. ముప్ఫై అడుగుల ఇవతల పట్టుకుంది. పదిహేను నిమిషాలు అక్కడే ఊగుతూ కూర్చుంది. తరవాత హ్యాండిల్ తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచింది. ఒడ్డుకు తెచ్చాక దాన్ని కొట్టాను. ఇరవై నాలుగేళ్ళ పిల్లను, రేవులో, అందరి ముందూ.

ఇప్పుడు నేను అడిగేదానికి తిన్నగా జవాబు చెప్పు. ఆ రోజు కూడా ఇంజను ఇలాగే ఆగింది. రేవు దాటిన ఇరవై నిమిషాలకే, అక్కడే, ఇలాగే మూలిగి ఆగిందని ఎక్కినవాళ్ళందరూ చెప్పారు. ఆ రోజు నువ్వు గాలి తియ్యలేదు, అందుకు ఆగింది. మరి ఇవాళ గాలి తీసింది నేను. లెక్కపెట్టి తీశాను. ఎందుకు ఆగింది? గొట్టంలో గాలి ఉంటే రెండు మూడు నిమిషాల్లోనే ఆగిపోవాలి, ఇరవై నిమిషాలు ఎలా నడుస్తుందని గువ్వ అంటోంది.

ఆ ముందురోజు సాయంత్రం నువ్వు గాలి తీశావా, తియ్యలేదా?

అక్క.


పిండి మిల్లు, ఇంజను గది,
ఏప్రిల్ 2.

అక్కా,

గువ్వ క్షేమంగా ఉంది కదా. ముందు అది.

నేను గాలి తియ్యలేదు. పదకొండేళ్ళ కిందట చెప్పిందే ఇవాళా చెబుతున్నాను. ఇప్పుడు ఆగినదానికి కారణం వేరు. ట్యాంకు అడుగున మిగిలిన చెత్త గొట్టానికి అడ్డం పడి ఉంటుంది. ఫిల్టర్ ఇంకోసారి మార్చండి. మూత వదులు చెయ్యండి. మిగతావి తవ్వుకోకు అక్కా. తవ్వితే ఎవరికీ మంచిది కాదు.

తమ్ముడు.


పిండి మిల్లు, ఇంజను గది,
ఏప్రిల్ 2.

గువ్వమ్మా,

ఇది రేవు ఆఫీసు చిరునామాకు నీ పేరిట పంపుతున్నాను. అమ్మ కంట పడకూడదు. చదివి చించెయ్యి.

ఇంజనులో ఏ లోపమూ లేదు. ట్యాంకులోంచి డీజిల్ దిగుతుంటే ఆ ఖాళీలోకి పైనుంచి గాలి రావాలి. రాకపోతే కొంతసేపటికి డీజిల్ దిగడం మానేస్తుంది, ఇంజను ఆగిపోతుంది. పదిహేను నిమిషాలు వదిలేస్తే ఎక్కడో సందులోంచి కాస్త గాలి చొరబడుతుంది, మళ్ళీ లేస్తుంది. ఆ గాలి కోసమే మీ నాన్న మూత నడుమ అగ్గిపుల్ల పట్టేంత రంధ్రం పెట్టాడు. ఇప్పుడది కనిపించదు. దాని మీద లప్పం ఉంది, లప్పం మీద నీలం రంగు ఉంది.

సన్న మేకు తీసుకుని, అమ్మ ఇంట్లో లేనప్పుడు దాన్ని పొడిచి తియ్యి. చుట్టూ ఊడిన రంగు మీద కాస్త నీలం పూసెయ్యి. రంధ్రం మీద మాత్రం పూయకు. ఎవరు మూశారని నన్ను అడక్కు. అమ్మను అసలే అడక్కు.

పరీక్షకు ముందే చెయ్యాలి. నువ్వు నదిలో ఒక్కదానివీ ఉన్నావని చదివినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. ఇది నీకు మొదటి రోజే రాయవలసింది.

మామయ్య.


రేవు వెనక ఇల్లు,
ఏప్రిల్ 5.

తమ్ముడూ,

గువ్వకు నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గరుంది.

దాన్నేమీ అనకు. అది చెప్పలేదు. మేకు చేత్తో పట్టుకుని షెడ్డులోకి పోతుంటే ఎందుకే అని అడిగాను. ఏం లేదమ్మా అంది. దానికి అబద్ధం చేతకాదు, వాళ్ళ నాన్నలాగే, చెవులు ఎర్రబడిపోతాయి. చెయ్యి చాపాను. కాగితం తీసి ఇచ్చేసింది.

రెండుసార్లు చదివాను. మేకు నాకు ఇమ్మన్నాను.

రంగు పొర పెచ్చుగా లేచింది. కింద లప్పం. దాని మీద బొటనవేలి ముద్ర ఉంది. ముద్రకు అడ్డంగా ఒక గీత. పెళ్ళి కాకముందు కొడవలితో తెగి నా కుడి బొటనవేలికి పడిన గీత. ఆ గాయానికి గుడ్డ కట్టింది నువ్వే. నువ్వూ దీన్ని చూసి ఉంటావు. చూశావు కనకనే విచారణలో లేచి నిలబడ్డావు.

నాకు అంతా గుర్తొచ్చింది. మర్చిపోయింది కాదు, అందులో గుర్తుపెట్టుకోవలసింది ఉందని ఎన్నడూ అనుకోలేదు. ట్యాంకులోకి వాన నీళ్ళు దిగుతున్నాయని, ఎక్కడినుంచో తెలియడం లేదని మీ బావ ముందురోజు విసుక్కున్నారు. నేను రంగు వేస్తుంటే మూత నడుమ చిన్న రంధ్రం కనిపించింది. దొరికాడురా దొంగ అనుకున్నాను. లప్పం పెట్టి, బొటనవేలితో అదిమి, పైన రెండు పూతలు వేశాను. మీ బావకు చెప్పలేదు. నీళ్ళు ఆగిపోయాయేమిటని ఆయనే ఆశ్చర్యపోయి వచ్చి నన్ను అడగాలని, అప్పుడు చెప్పి నవ్వాలని.

మొగుణ్ణి నా చేత్తోనే నదిలో తోశానని తెలిస్తే నేను బతకననుకున్నావా? బతికేదాన్నో లేదో నాకూ తెలియదు. కాని అది తేల్చుకోవలసింది నేను, నువ్వు కాదు. నిన్ను పదకొండేళ్ళు తిట్టుకున్నాను. నీ పెళ్ళాం పోయినప్పుడు కబురు వస్తే కూడా కదల్లేదు. మా ఆయన పోయినప్పుడు నా ఏడుపు నేను ఏడవలేదా, వాడి ఏడుపు వాణ్ణి ఏడవనీ అన్నాను. ఆ మాట నా నోటితో అనిపించావు. దాన్ని నేను ఎక్కడ పెట్టుకోను?

ఇంకొకటి ఉంది. నా తప్పు మోశావు, సరే. గొప్పవాడివే. కాని నువ్వు దాచినందుకు నా పిల్ల స్తంభానికి ముప్ఫై అడుగుల దూరం దాకా కొట్టుకుపోయింది. ఆవిరట! తుప్పట! ఒక్క ముక్క తిన్నగా రాసి ఉంటే అది ఆ మూత బిగించేదా? మీ బావ విషయంలో నాకు తెలియక చేశాను. గువ్వ విషయంలో నువ్వు తెలిసి చేశావు. దీనికి జవాబు చెప్పు.

అక్క.


పిండి మిల్లు, ఇంజను గది,
ఏప్రిల్ 8.

అక్కా,

నిన్ను కాపాడాననుకుంటూ గువ్వను నదిలోకి పంపాను. అది నేను చేసిందే. దానికి నువ్వేం చేసినా పడతాను.

తక్కినది మాత్రం చెప్పాలి. తప్పు నాదని విచారణలో చెప్పింది ఉత్త అబద్ధం కాదు. కారణం ఒక్కటే మార్చి చెప్పాను. గాలి తీశాను, శుభ్రంగా తీశాను. తరవాత ట్యాంకు నిండా డీజిల్ పోసింది కూడా నేనే. మూత తీస్తే వేళ్ళకు నీలం అంటింది. రంగు ఇంకా ఆరలేదే అనుకుని గుడ్డకు తుడుచుకున్నాను. మూత వైపు చూడలేదు. మెకానిక్ అన్నవాడు మూత పెట్టేముందు ఆ రంధ్రం చూసుకోవాలి, అది మొదటి పాఠం. నాకు నేర్పింది బావే. సినిమాకు టైమయిపోతోందని నా తొందర. నీ వేలు మూసింది, నా కన్ను చూడలేదు. రెండూ ఉంటేనే ఇంజను ఆగింది.

పడవను ఒడ్డుకు లాగాక చూశాను. రంగు కింద తేలి కనిపిస్తున్న నీ ముద్ర గుర్తుపట్టాను. అప్పుడే గోటితో తీసేసి ఉండవలసింది. విచారణాధికారి పక్కనే నిలబడి ఉన్నాడు. ఈ పడవ మళ్ళీ నీళ్ళు చూడదనుకున్నాను.

ఆ వారం నువ్వు తినలేదు, మాట్లాడలేదు. పదమూడేళ్ళ గువ్వ నీ పక్కన కూర్చుని ఉండేది. నేను తప్పు ఒప్పుకున్నానని తెలిసిన పూట నువ్వు లేచావు. నన్ను వీధిలోకి తోసి, తలుపు వేసి, పొయ్యి వెలిగించావు. పొగ గొట్టంలోంచి పొగ రావడం వీధి చివర నిలబడి చూశాను. ఆ కోపం నీ దగ్గర ఉండనీ అనుకున్నాను. ఆ తరవాత దాన్ని వెనక్కి తీసుకునే దారి నాకు తోచలేదు.

ఈ ఉత్తరం పరీక్షకు ముందు నీకు చేరదు. గువ్వ ఎలా నడిపిందో రాయి. నా మీద కోపం ఉంటే గువ్వతోనే రాయించు.

తమ్ముడు.


రేవు వెనక ఇల్లు,
ఏప్రిల్ 12.

చిరంజీవి తమ్ముడికి,

ఈ మాట రాసి ఎన్నాళ్ళయిందో! చెయ్యి దానంతట అదే రాసింది, కొట్టెయ్యలేదు.

నీ ఉత్తరం నిన్న చేరింది. పరీక్ష మొన్న అయింది. వరసగా చెబుతాను.

నేనూ ఎక్కాను. రేవు అధికారి వద్దన్నాడు. ట్యాంకు సంగతి తెలిసిన మనిషి పడవలో ఉండాలన్నాను. నువ్వెవరన్నాడు. ట్యాంకు మనిషినన్నాను. గువ్వ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. ఎక్కగానే ఆయన చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? పానా అడిగి పుచ్చుకుని, ట్యాంకు మూత తన చేత్తో గట్టిగా బిగించాడు. రంధ్రం తీశాం, ఊది చూశాం, కట్టేసి మూడు గంటలు నడిపి చూశాం. అయినా నది నదే.

పదో నిమిషం దాకా ఫరవాలేదు. తరవాత నేను గువ్వ చేతి గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. పద్దెనిమిది. ఇరవై. స్తంభాలు కనిపిస్తున్నాయి. ఇరవై ఒకటి. గువ్వ పెదవులు తెల్లబడ్డాయి, చుక్కాని మాత్రం వదల్లేదు. నేను వేలు తీసుకెళ్ళి మూత మీద రంధ్రం దగ్గర పెట్టాను, అదే బొటనవేలు. సన్నగా లోపలికి లాగుతోంది. చంటిపిల్ల చప్పరించినట్టు ఉంది. ఉలిక్కిపడి వేలు తీసేశాను. ఇరవై రెండు. ఇరవై మూడు. ఆ స్తంభాన్ని దాటేశాం. నేను బిగ్గరగా ఏడ్చేశాను. అధికారి కంగారుపడి, ఏమ్మా భయమా, ఒడ్డుకు పోదామా అన్నాడు. వద్దు బాబూ, నడవనీ అన్నాను. గంటా నలభై నిమిషాలు నడిచింది. ఆయనే విసిగిపోయి చాలు అన్నాడు.

దిగాక నేను ఇంటికి రాలేదు. ఆయన వెంట ఆఫీసుకు వెళ్ళి పాత విచారణ పుస్తకం తీయించాను. మీ బావ పేరు, నీ మాటలు, నీ సంతకం ఉన్నాయి. నా మాట కూడా రాసుకోమన్నాను. ట్యాంకు మూతకు ఉన్న గాలి రంధ్రాన్ని నేనే లప్పంతో మూశాను, మా తమ్ముడు గాలి తీసే ఉంటాడు అని చెప్పాను. ఆయన రాసుకున్నాడు. చదివి వినిపించాడు. "పడవ యజమాని భార్య తెలియక మూసినది" అని ఉంది. తెలియక అన్న మాట నేను చెప్పలేదు. ఆయనే కలిపాడు. కొట్టెయ్యమందామనుకున్నాను. చివరికి అలాగే సంతకం పెట్టాను.

నీ ఉత్తరంలో నీలం అంటిన వేళ్ళ సంగతి చదివాక ఆ రాత నాకు ఇంకా సరిగా లేదనిపించింది. నీ సగం నువ్వు నాకు వదలవన్నమాట. సరే, ఉంచుకో. నీ మీద నాకు కోపం పోయిందనుకోకు, గువ్వ విషయంలో అది ఉంది, ఉంటుంది. ఎదురుగా నిలబెట్టి తిట్టాలి, ఉత్తరాల్లో నాకు తృప్తి లేదు. నీ భార్య సంగతి మాత్రం నేను నీ కాళ్ళ దగ్గర కూర్చుని క్షమించమని అడగాలి. పెద్దదాన్ని, కాళ్ళు పట్టుకోకూడదంటావు. పట్టుకోను, కూర్చుంటాను.

అసలు సంగతి ఇదీ. అనుమతి కాగితంలో ఇంజను బాగుచేసిన మెకానిక్ ఎవరు అని ఒక గడి ఉంది. గువ్వ నన్ను చూసింది. నేను నీ పేరు చెప్పాను. సంతకం ఆ మనిషే వచ్చి ఎదురుగా పెట్టాలట, ఉత్తరంలో పంపితే చెల్లదట. పది రోజులు గడువు ఇచ్చాడు. అది లేకపోతే పడవ కదలదు. అవతల ఆస్పత్రికి వెళ్ళవలసినవాళ్ళు రోజూ వచ్చి నా గుమ్మంలో కూర్చుంటున్నారు. వాళ్ళకేం చెప్పుకుంటావో నీ ఇష్టం.

అక్క.


పిండి మిల్లు, ఇంజను గది,
ఏప్రిల్ 15.

అక్కా,

రేపు ఉదయం బస్సుకు బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు వస్తానేమో.

పెచ్చు ఊడినచోట రంగు వెయ్యాలని నీకు చెయ్యి దురద పెడుతూ ఉంటుంది, నాకు తెలుసు. నేను వచ్చేదాకా ఆగు. రంగు నువ్వే వెయ్యి. వేస్తున్నంతసేపూ ఆ రంధ్రంలో అగ్గిపుల్ల నేను పట్టుకుంటాను.

తమ్ముడు.